హైలాండ్ మేపుల్ పాకం: కట్టెల పొయ్యా, ఆర్.ఓ. మెషీనా?

కొండదారి:
అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ జనం ఉన్న కౌంటీ హైలాండ్. 2020 లెక్కల్లో 2,232 మంది. ముఖ్యపట్టణం మాంటెరే, దాదాపు 2,900 అడుగుల ఎత్తులో ఉంటుంది. పశువులు, గొర్రెలు, గడ్డి అమ్మకం పోను బయటి డబ్బు కళ్లజూసేది ముఖ్యంగా మార్చిలో, 1958లో మొదలైన మేపుల్ పండగకి (మేపుల్ చెట్టు ఊటని కాచి సిరప్ చేసే పండగ). రెండు వారాంతాలు జనం కొండలెక్కి వచ్చేది పెనం, కట్టెల పొగ చూడ్డానికే. వెనకగదిలో ఆర్.ఓ. (కాచేముందే ఊటలోంచి పొర గుండా నీళ్లు వేరుచేసే మెషీన్) పెట్టి ముందు పొయ్యి చూపిస్తే మోసం కాదా?

పాకంలెక్క:
ముందు లెక్క చూడండి. చెట్టు ఊటలో పంచదార 2 శాతం. సిరప్ కాచేవాళ్ల లెక్కలో 86 అనే అంకె ఎప్పుడూ మారదు, దాన్ని ఊటలోని పంచదార శాతంతో భాగిస్తే 43. అంటే గ్యాలన్ సిరప్‌కి 43 గ్యాలన్ల ఊట కావాలి, అందులో 42 ఆవిరైపోవాలి. ఆర్.ఓ.తో 8 శాతానికి తెస్తే పొయ్యెక్కేది 11 గ్యాలన్లకు లోపే. మామూలు పద్ధతిలో ఒక కార్డు కట్టెలు (4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు పేర్పు) కాలిస్తే వచ్చేది సుమారు 25 గ్యాలన్లు. ఆ కట్టెలు కొట్టి, చీల్చి, ఏడాది ఆరబెట్టడానికి రెండువేల మంది ఉన్న చోట మనుషులేరీ?

కొండదారి:
సరే, రుచి మాటేమిటి? గంటల తరబడి కాగితేనే కదా ఆ రంగూ వాసనా.

అనకాపల్లి పెనం:
రంగంతా పొయ్యి ఇచ్చేది కాదండీ. ఎండ ముదిరేకొద్దీ ఊటలో సూక్ష్మజీవులు పెరిగి పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడతాయి. పెనంలో నల్లబడేది ముఖ్యంగా అవే. అందుకే ఆర్.ఓ. ఉన్నచోట కూడా సీజన్ చివర ముదురు సిరప్పే వస్తుంది. మన బెల్లంలో హైడ్రోస్ వేసి తెల్లబరచడంతో దీన్ని కలపొద్దు. అక్కడ బయటి మందు పడుతుంది, ఇక్కడ నీళ్లు తీస్తారంతే.
అయితే ఆర్.ఓ. తంటాలూ ఉన్నాయి. చిక్కబడిన ఊట త్వరగా పాడవుతుంది, ఆ రోజే కాచేయాలి. పెనంలో మట్టం కాస్త దిగిందా, నిమిషాల్లో మాడుతుంది. 2 శాతం ఊట అంత తొందరపెట్టదు.

సీసాలో కలకండ:
ఆర్.ఓ. ఉన్నా లేకున్నా సరుకు చెడేది ఎక్కువగా దించే దగ్గరే. చాలామంది 219 డిగ్రీల ఫారెన్‌హీట్ అని బట్టీపట్టి ఉంటారు. అది సముద్రమట్టం లెక్క. మాంటెరే ఎత్తులో నీళ్లు 207 దగ్గరే మరుగుతాయి. దానికి 7 కలపండి, 214 దగ్గర దించేయాలి. 219 దాకా ఆగితే కొన్నాళ్లకి సీసా అడుగున కలకండే. గాలి పీడనం మారితే మరుగు స్థానం కూడా మారుతుంది కాబట్టి రోజూ ముందు ఉత్తనీళ్లు మరిగించి చూసుకోవాలి. తీగపాకం చూసినట్టు వేళ్ల మధ్య చూస్తే ఇక్కడ కుదరదు. గరిటె అంచు నుంచి చుక్కలుగా కాక రేకులా జారాలి, ఆ తరవాత హైడ్రోమీటర్‌తో (చిక్కదనం కొలిచే గాజు గొట్టం) చూసుకోవాలి. వేడి మీదే వడకట్టకపోతే ఇసక లాంటి మడ్డి అలాగే ఉండిపోతుంది.

కొండదారి:
చెట్లకి ట్యూబులు తగిలించి వాక్యూమ్ పంపుతో ఊట పీల్చడం కూడా ఇదే దారి. బకెట్టు తగిలిస్తే సీజన్‌కి పావు గ్యాలన్ సిరప్‌కి సరిపడా ఊట వచ్చే రంధ్రం నుంచి వాక్యూమ్‌తో అర గ్యాలన్‌కి సరిపడా లాగుతున్నారు. చెట్టు తట్టుకుంటుందా?

పాకంలెక్క:
10-12 అంగుళాల మందం లేని చెట్టు జోలికి పోకుండా, ఒక్కటే రంధ్రం, అర అంగుళం కన్నా సన్నగా (5/16), రెండంగుళాల లోతు మించకుండా వేస్తే తట్టుకుంటుంది. పాత రంధ్రం చుట్టూ, ముఖ్యంగా పైకీ కిందికీ, కొయ్య చచ్చి ఉంటుంది, అక్కడ మళ్లీ వేస్తే ఊట రాదు. వాక్యూమ్‌కి అసలు శత్రువు ఉడత. ట్యూబు మీద ఒక్క కొరుకు పడితే ఆ లైనంతా వాక్యూమ్ పడిపోతుంది, రోజూ ఎవరో ఒకరు మంచులో నడిచి వెతకాల్సిందే.

అనకాపల్లి పెనం:
ఇంకోటి. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే ఊట. వేడి ఏడాదైతే మార్చి పండగ నాటికి మొగ్గ విచ్చి ఊట కంపు కొట్టొచ్చు. ఫిబ్రవరిలో ఒక్కసారిగా వచ్చిపడిన ఊటని పాడవకముందే కాచే దారి కట్టెల పొయ్యి ఒక్కదానితో ఉందా?

కొండదారి:
లేదు. అయినా పెనం పక్కన బోర్డు మీద ‘ఆర్.ఓ. వాడాం’ అని రాయమనే నా మాట మాత్రం మారదు.