1882 నాటి ఇంటి కార్నిసు దోనె కారుతోంది: లోపలి రేకు మార్చడంపై సలహా కావాలి

ప్రశ్న: పాతఇల్లు_రిచ్మండ్

అందరికీ నమస్కారం. వర్జీనియాలోని రిచ్మండ్ నగరంలో, చర్చ్ హిల్ ప్రాంతంలో 1882లో కట్టిన రెండంతస్తుల ఇటుక ఇంటిని మేము మూడేళ్ల కిందట కొన్నాము. వీధివైపు చూరు కింద చెక్క బ్రాకెట్లతో పెద్ద కార్నిసు, అంటే గోడ నుంచి ముందుకు పొడుచుకొని వచ్చే అలంకారపు అంచు, ఉన్నది. వాననీరు పోయే దోనె బయటికి వేలాడకుండా, ఆ కార్నిసు లోపలే చెక్కతో పెట్టెలాగా కట్టి, లోపల పూత రేకు పరిచి ఉన్నది. ఇక్కడివారు దీనిని బాక్స్ గట్టర్ అంటారు. పొడవు 36 అడుగులు, వెడల్పు 10 అంగుళాలు, లోతు 5 అంగుళాలు. నీరు దిగే గొట్టం తూర్పు కొసన ఒక్కటే ఉన్నది.

ఏడాదిగా గట్టి వాన పడినప్పుడల్లా పడమటి గది కిటికీ పైన గోడ చెమ్మగిల్లుతోంది, కార్నిసు రంగు పొక్కులు లేస్తోంది. నిచ్చెన వేసి చూస్తే రేకు కనబడనే లేదు. ఎవరెవరో ఎప్పుడెప్పుడో పూసిన తారు పొరలు పొరలుగా పేరుకొని, మొసలి వీపులా బీటలు వారి ఉన్నది.

ముగ్గురు పనివాళ్లను పిలిచాము. మరో రెండు పూతల తారు వేస్తే చాలని మొదటివారు చెప్పారు. దోనె మీద ప్లైవుడ్ కప్పి, పైకప్పును ముందుకు పొడిగించి, అంచుకు అల్యూమినియం గట్టర్ తగిలిస్తామని రెండవవారు అన్నారు. మూడవవారు తారును, పాత రేకును పూర్తిగా తీసేసి రాగి రేకు వేయాలన్నారు. ఆయన చెప్పిన మొత్తం విన్న తరువాత నేనూ, మా ఆవిడా కాసేపు మాట్లాడుకోలేదు. అనుభవమున్నవారు ఏది సబబో చెప్పగలరా?

జవాబు 1: కట్టడాల_ఇంజనీరు, ఫిలడెల్ఫియా

నమస్కారమండీ. పాత ఇళ్ల పైకప్పుల పనిలో చాలాకాలంగా ఉన్నాను కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

తారు మాట ముందు తేల్చుకుందాము. మీ దోనెలోని రేకు బహుశా టెర్న్ రేకు, అంటే సీసం, తగరం కలిపిన పూత పూసిన ఇనుము లేదా ఉక్కు రేకు. దానిని ముక్కలుగా అతికి, ప్రతి అతుకునూ టంకం వేసి మూసేవారు. ఎప్పటికప్పుడు రంగు వేస్తూ ఉంటే అది తరాల తరబడి నిలుస్తుంది. తారు పూసిన నాటి నుంచి కథ మారుతుంది. తారు ఎండకు బిగుసుకొని బీటలు వారుతుంది, ఆ బీటలలోకి దిగిన నీరు బయటికి రాలేక రేకును కింద నుంచి తినేస్తుంది. పైగా తారు అంటిన రేకుకు మళ్లీ టంకం పట్టదు. మన ఊళ్లలో బిందెకు మాటు వేసేవాడు ముందుగా ఆ చోటును గీకి తళతళలాడేటట్లు చేసుకొన్న తరువాతే టంకం ముట్టించేవాడు కదా, ఇక్కడా అదే సూత్రం. మొదటివారి మాట వింటే రెండేళ్ల తరువాత ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు.

రెండవవారి పద్ధతి నాకు అంతకన్నా నచ్చదు. కప్పేసిన పెట్టెలో పుచ్చిన చెక్క అలాగే ఉండిపోతుంది, గాలి ఆడదు, కార్నిసు రూపం పోతుంది. మీ ఇల్లు నగరపు పాత, చారిత్రక మండలాలలో ఒకదాని కిందికి వస్తే, వీధి నుంచి కనబడే అటువంటి మార్పుకు ముందుగా నిర్మాణ సమీక్షా సంఘం అనుమతి కావాలి.

ఇక రాగి. సాధారణంగా ఈ పనికి చదరపు అడుగుకు 20 ఔన్సుల రేకు వాడతారు, అంటే దాదాపు 0.027 అంగుళం మందం. అయితే రాగి వేయడమొక్కటే మందు కాదు. 36 అడుగుల రాగి రేకు 100 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడాకు సుమారు 0.42 అంగుళం సాగుతుంది. చలికాలపు రాత్రికీ, ఎండాకాలపు మధ్యాహ్నం కాలిన రేకుకూ మధ్య తేడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పాత ఉక్కు రేకు ఇందులో మూడింట రెండు వంతులే సాగుతుంది కనుక, ఉక్కు తట్టుకొన్న చోట రాగి తట్టుకోకపోవచ్చు. అందుకే రేకులో మేకులు దిగగొట్టకూడదు. అంచులను మడిచి రాగి పట్టీలకు కొక్కెంలా తగిలించాలి. అడుగున నీరు చొరని పొర వేసి, దాని మీద రోజిన్ కాగితమనే దళసరి నున్నని కాగితం పరిస్తే రేకు అంటుకోకుండా జారుతుంది. మధ్యలో ఎక్కడో సాగడానికి వీలున్న అతుకు కూడా ఉండాలి. ఇవి లేకుండా వేసిన రాగి అతుకుల దగ్గర చీలడానికి ఎంతో కాలం పట్టదు.

డబ్బు మాట్లాడే ముందు చెక్క సంగతి చూడండి. కార్నిసు అడుగు పలక ఒకటి విప్పి, సూదిమొన ఉన్న పనిముట్టుతో పొడిచి చూడండి. పైపుతో నీళ్లు పట్టి పరీక్షించాలనుకుంటే దోనెను పూర్తిగా నింపవద్దు. మీరు చెప్పిన కొలతల దోనె అంచుదాకా నిండితే నీటి బరువే 780 పౌండ్ల దగ్గర ఉంటుంది, పుచ్చిన చెక్క దానిని మోయకపోవచ్చు. గొట్టం వైపు నుంచి మొదలుపెట్టి కొద్ది కొద్ది భాగాలకు అడ్డుకట్ట వేస్తూ పడమటికి జరగండి.

జవాబు 2: ఒహాయో_గృహస్థు

ఇంజనీరు గారు చెప్పినదంతా నిజమే కానీ, రాగికయ్యే ఖర్చు అందరమూ భరించలేము. మా 1890ల నాటి ఇంట్లో చెక్క బాగుచేయించి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పొర వేయించాము. రబ్బరు పెద్ద చుట్టలుగా దొరుకుతుంది కనుక 36 అడుగుల దోనెకు అడుగున ఒక్క అతుకు కూడా అవసరం లేదు, సాగే తంటా ఉండదు. రెండు చోట్ల మాత్రం దగ్గరుండి చూసుకోండి. పాత తారు మరక కూడా మిగలకూడదు, తారులోని నూనెలు ఈ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. అవసరమైతే పలకలే మార్చేయాలి. రెండవది గొట్టం మూతి. మాకు తొలి ఏడాది కారినది అక్కడే. రబ్బరు రాగి ఉన్నంత కాలం ఉండదని తెలిసే వేయించాను, మా అబ్బాయి చదువు అయ్యేదాకా నిలిస్తే చాలనుకొన్నాను.

జవాబు 3: వర్జీనియా_తెలుగు

రెండు చిన్న విషయాలు. 1978కి ముందు కట్టిన ఇల్లు కనుక కార్నిసు రంగులో సీసం ఉంటుందనే అనుకోవాలి. బయటివైపు 20 చదరపు అడుగులకు మించి ఆ రంగును కదిలించే పనిని సీసపు రంగు విషయంలో ధ్రువీకరణ ఉన్నవారే చేయాలని కేంద్ర పర్యావరణ సంస్థ నియమం. చారిత్రక భవనాలను బాగుచేయించేవారికి ఇచ్చే పన్ను రాయితీ సంగతి: కేంద్రం ఖర్చులో ఇచ్చే 20 శాతం ఆదాయం తెచ్చే భవనాలకే వర్తిస్తుంది, సొంతంగా ఉండే ఇంటికి రాదు. వర్జీనియా రాష్ట్రం 25 శాతం ఇస్తుంది కానీ, సొంత ఇంటి విషయంలో అర్హమైన ఖర్చు పని మొదలుపెట్టే ముందటి ఏడాది పన్ను కోసం భవనానికి లెక్కగట్టిన విలువలో కనీసం 25 శాతం ఉండాలి. ఒక్క దోనె పనితో అంత కాదు. పైకప్పు, కిటికీలు వంటి పనులు కూడా తలపెట్టి ఉంటే అన్నిటినీ కలిపి, పని మొదలుపెట్టక ముందే దరఖాస్తు చేసుకోండి.

పాతఇల్లు_రిచ్మండ్

అందరికీ ధన్యవాదాలు. శనివారం అడుగు పలకలు రెండు విప్పించాము. పడమటి కొసన నాలుగడుగుల మేర చెక్క తడిసిన అట్టముక్కలా ఉన్నది, పనిముట్టు పిడిదాకా దిగిపోయింది; మిగతాది గట్టిగానే ఉన్నది. తారు గీకించి చూస్తే ఆ భాగంలో ఎవరో ఒక రేకు ముక్కను పాత రేకు మీద పెట్టి చుట్టూ మేకులు కొట్టి ఉన్నారు, ఆ మేకుల వరుస వెంబడే చీలిక. ఇంకొక సంగతి కూడా బయటపడింది. లెవెల్ పెట్టి కొలిస్తే దోనె మధ్య భాగం ముప్పావు అంగుళం కుంగి ఉన్నది, వాన వెలిసిన మూడవ రోజున కూడా అక్కడ నీళ్లు నిలిచే ఉన్నాయి. ఇప్పుడు వాలు ఎలా సరిచేయాలి?

కట్టడాల_ఇంజనీరు

ఇదంతా బయటపడడం మంచిదయింది. ఇప్పుడు మీ అసలు చిక్కు రాగా, రబ్బరా అన్నది కాదు, 36 అడుగులకు ఒక్క గొట్టం ఉండడం. అడుగుకు 1/16 అంగుళం వాలు ఇచ్చినా ఈ కొసకూ ఆ కొసకూ రెండుంపావు అంగుళాల తేడా రావాలి. నాకు నచ్చిన 1/8 వాలు ఇస్తే నాలుగున్నర అంగుళాలు కావాలి, 5 అంగుళాల లోతులో అది కుదరదు. పైగా సాగే అతుకు మామూలుగా దోనెలోని ఎత్తైన చోట పెట్టాలి, అక్కడ రెండు మూసిన కొసలు వీపులు ఆనించినట్లు నిలబడి, పైన టోపీలా మరో రేకు ఉంటుంది. నీరు దానిని దాటి పోలేదు. కొసన గొట్టం ఒక్కటే అయితే ఆ అతుకును మధ్యలో పెట్టే వీలే లేదు.

అందుకని పడమటి కొసన రెండవ గొట్టం పెట్టించండి. దోనె మధ్యలో ఎత్తు, ఇరువైపులా 18 అడుగులకు 1/8 వాలున రెండుంపావు అంగుళాలు, నడినెత్తిన సాగే అతుకు: అన్నీ కుదురుతాయి. కుంగిన అడుగు పలకను లేపనవసరం లేదు, దాని మీద వాలుగా చెక్కిన బద్దలు వేసి కొత్త పలక పరిస్తే సరిపోతుంది. కొత్త గొట్టం వీధికి కనబడుతుంది కనుక దానికి నగరం అనుమతి తీసుకోండి; రాగి దోనె కింద అల్యూమినియం గొట్టం మాత్రం పెట్టవద్దు, రాగి మీదుగా వచ్చే నీరు దానిని తినేస్తుంది. రబ్బరే వేయించదలచుకొన్నా ఈ వాలు, ఈ రెండవ గొట్టం తప్పవు.

ఇంకొకటి. వీధివైపు అంచు ఇంటివైపు అంచు కన్నా ఒక అంగుళమైనా తగ్గు ఉండేటట్లు, ఇంటివైపు రేకు పైకప్పు కిందికి బాగా పైదాకా వెళ్లేటట్లు చూసుకోండి. మన మండువా లోగిలిలో వాన ఇంటి మధ్యకు పడాలనే కట్టారు. ఇక్కడ గొట్టం ఆకులతో పూడినప్పుడు పొంగే నీరు వీధిలోకి పోవాలి, మీ పడమటి గదిలోకి కాదు.

పాతఇల్లు_రిచ్మండ్

రెండవ గొట్టం ఆలోచన మాకు తట్టనే లేదండీ. సోమవారం అనుమతికి దరఖాస్తు పెడుతున్నాము. ఈలోగా పడమటి నాలుగడుగుల చెక్కను ఎంతమేర కోయాలో గుర్తు పెట్టించి ఇక్కడ కొలతలతో సహా రాస్తాను.