లేసిక్‌కు ముందు కొలతలు మళ్లీ తీయించమని అడగవచ్చా?

నమస్కారం. నా వయసు 27. రెండు కళ్లకూ మైనస్ 5.5, రెండేళ్లుగా పవర్ మారలేదు. మొన్న పొద్దున కళ్లద్దాల కోసం తడుముకుంటూ వాటి మీదే మోచెయ్యి ఆనించి విరగ్గొట్టాను. అప్పుడే లేజర్‌తో చూపు సరిచేసే లేసిక్ ఆపరేషన్ ఆలోచన గట్టిపడింది.

పరీక్షలో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం 495 మైక్రాన్లు వచ్చింది. కొంచెం పలచన, కాబట్టి పొర లేపి చేసే లేసిక్ కంటే, పొర లేపకుండా కార్నియా పైభాగం మీదే లేజర్ వేసే పీఆర్‌కే మేలన్నారు. నొప్పి కొన్ని రోజులుంటుందట, చూపు కుదుటపడటానికి వారాలు పడుతుందట. సరే. కానీ నేను ముందురోజు వరకూ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే ఉన్నాను. వాటివల్ల కార్నియా ఆకారం మారి కొలతలు తప్పవచ్చని, వారం రెండు వారాలు మానేసి వెళ్లాలని తర్వాత తెలిసింది. అక్కడ ఎవరూ ఆ మాటే అడగలేదు. ప్యాకేజీ ధర మాత్రం మూడుసార్లు చెప్పారు! మళ్లీ తీయించమని అడగాలా, వేరేచోటికి వెళ్లడం మంచిదా?

ఇంకో భయం. రోజంతా కంప్యూటర్ ముందే పని, సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. ఇలా పొడిబారే కళ్లతో చేయించుకున్నవారు ఉన్నారా? చుక్కల మందు ఎన్ని నెలలు వాడారు? రాత్రి బండి నడిపేటప్పుడు లైట్ల చుట్టూ కనిపించే వలయాలు తగ్గాయా? బాగానే ఉందని ఒక్క ముక్కలో తేల్చకుండా, మొదటి వారం ఎలా గడిచిందో కాస్త వివరంగా చెప్పండి.