11 ఏళ్ల లాబ్రడార్ తిండి తగ్గించింది: ముసలితనమా, రోగమా?

వడ్డేపల్లి_లాబ్

మాది హన్మకొండ. ఆడ లాబ్రడార్, 11 ఏళ్లు నిండినయి, గర్భసంచి ఆపరేషన్ చేయించలేదు. రెండు నెలల కింద 31 కిలోలు ఉండె, మొన్న తూకం వేస్తే 28. పొద్దున డ్రై ఫుడ్, రాత్రి చికెన్ అన్నం పెడ్తం. ఇప్పుడు పొద్దునది వాసన చూసి పక్కకు పోతుంది. రాత్రి అన్నం సగం తిని వదిలేస్తుంది. బిస్కెట్ చూపిస్తే మాత్రం తోక ఊపుకుంట వస్తది, నోట్లో పెట్టుకొని తల ఒక పక్కకు వంచి కింద పడేస్తది. నీళ్లు ఎక్కువ తాగుతున్నట్టుంది. వాంతులు, విరేచనాలు లేవు. ఎండలు ముదిరినయి, పైగా ముసలిదైంది, అట్లనే ఉంటదని ఇంట్లో అంటున్నరు. మెడికల్ షాపుల ఆకలి సిరప్ ఇస్తమన్నరు. పట్టొచ్చా?

గిట్టలు_గోళ్లు

సిరప్ సంగతి తర్వాత చూద్దాం అక్కా. మీరు రాసినదాంట్లో మూడు మాటలు ముఖ్యం: 3 కిలోలు తగ్గడం, బిస్కెట్ పడేయడం, నీళ్లు ఎక్కువ తాగడం. వయసు మీద పడితే వాసన, రుచి కొంచెం మందగిస్తాయి, తిరుగుడు తగ్గి తిండి కూడా కొంత తగ్గుతుంది. అది నిజమే. కానీ అట్లా తగ్గినప్పుడు బరువు నిలకడగానో, కొంచెం పెరిగో ఉంటుంది. రెండు నెలల్లో పదో వంతు బరువు పోయిందంటే ముసలితనం ఖాతాలో వేయొద్దు.

బిస్కెట్ కోసం వచ్చి నోట్లోంచి పడేస్తున్నదంటే ఆకలి ఉంది, నమలలేకపోతోంది. అసలు తినాలనే లేని కుక్క గిన్నె దగ్గరికే రాదు. వస్తే మూతి తిప్పుకుంటుంది, పెదాలు నాక్కుంటుంది, సొంగ కారుస్తుంది. అది కడుపులో వికారం. ఈ రెండింటికీ వెతకాల్సిన చోట్లు వేరు. మీ దాంట్లో రెండూ కలిసి ఉండొచ్చు, అందుకే ముందు నోరు చూడండి.

పగటి వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరవకుండా పై పెదవిని మాత్రం వెనక్కి, పైకి లాగండి. పై దవడలో చెంప వైపు అన్నిటికంటే పెద్ద పన్ను కనిపిస్తుంది, నాలుగో ప్రీమోలార్. బొక్కలు కొరికే కుక్కలకు ఎక్కువగా విరిగేది అదే. పన్ను బయటి ముఖం పెచ్చులాగా ఊడిపోయి, మధ్యలో గులాబీ రంగు చుక్కో నల్ల చుక్కో ఉంటే లోపలి నరం బయటపడ్డట్టు. వేరు దగ్గర చీము పడితే కంటి కింద వాపు వస్తుంది. దాన్ని చాలామంది కందిరీగ కుట్టిందనుకొని పసుపు రాస్తారు. గోధుమ రంగు గార చిగురు దాకా పేరుకొని, చిగురు ఎర్రటి గీతలాగా ఉబ్బి, నోరు కుళ్లు వాసన కొడుతున్నా అదే కథ. రెండు వైపులా పోల్చండి. ఏ వైపు నమలడం మానేసిందో ఆ వైపు గార ఎక్కువ పడుతుంది.

గార గీకడం ఇంట్లో చేయొద్దు. నొప్పి చిగురు లోపల ఉంటుంది, అక్కడ శుభ్రం చేయాలంటే మత్తు ఇవ్వాల్సిందే. 11 ఏళ్లకు మత్తు తట్టుకుంటుందా అన్నది రక్తపరీక్ష, గుండె చూశాక డాక్టర్ తేలుస్తారు.

ఇక నీళ్లు. "ఎక్కువ తాగుతున్నట్టుంది" కాదు, కొలవండి. పొద్దున లీటర్ సీసాతో లెక్కపెట్టి గిన్నె నింపండి, మధ్యలో పోసిందంతా రాసుకోండి, మర్నాడు అదే టైంకు మిగిలింది తీసేయండి. బాత్రూంలో బకెట్ మూత పెట్టండి, లేకపోతే లెక్క తప్పుతుంది. మామూలుగా కిలో బరువుకు 50–60 మి.లీ., అంటే 28 కిలోల కుక్కకు లీటరున్నర చుట్టుపక్కల. ఎండాకాలం కొంత పెరుగుతుంది. కిలోకు 100 మి.లీ. దాటితే, మీ లెక్కలో 2.8 లీటర్లు, అది ఎండ దూప కాదు. మూత్రపిండాలు, షుగర్, కుషింగ్స్ (ఒంట్లో స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువయ్యే రోగం), గర్భసంచిలో చీము, ఈ నాలుగూ చూడాల్సిందే.

ఆ చివరిది మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆపరేషన్ కాని ముసలి ఆడకుక్క ఎదకు వచ్చిపోయాక రెండు నుంచి ఎనిమిది వారాల లోపు తిండి మానేసి నీళ్లు ఎక్కువ తాగితే, పయోమెట్రా కాదని తేలేదాకా పయోమెట్రానే అనుకోవాలి. ద్వారం తెరిచి ఉంటే చీము కారుతుంది, కుక్క తోక కింద తెగ నాక్కుంటుంది. మూసుకొని ఉంటే బయటికి ఏమీ కనిపించదు, పొట్ట మాత్రం పెరుగుతుంది. ఇది ఇంకా ప్రమాదం. పోయినసారి ఎదకు ఎప్పుడొచ్చింది? నెలా రెండు నెలల కిందే అయితే ఈ థ్రెడ్ చదవడం ఆపి ఇవాళే స్కానింగ్‌కు తీసుకుపోండి.

కాజీపేట_జంక్షన్

బి-కాంప్లెక్స్, లివర్ టానిక్ ఒక వారం వాడి చూస్తే తప్పేంది? అందరు డాక్టర్లూ రాసేదే కదా.

మందుల_చీటీ

అన్నా, లివర్ టానిక్‌తో పెద్దగా చెడు ఉండదు, పెద్దగా మంచీ ఉండదు. పోయేది ఆ వారం. పంటి చీముకో, గర్భసంచి చీముకో వారం చిన్నదేం కాదు.

మెడికల్ షాపులో మనుషులకిచ్చే ఆకలి సిరప్ వేరే సంగతి. వాటిలో చాలావరకు సైప్రోహెప్టడిన్ ఉంటుంది, అది అలర్జీ మందు. కుక్క మత్తుగా పడుకుంటుంది. పడుకుంటే "నెమ్మదిగా ఉంది" అనుకుంటాం. షుగర్ ఫ్రీ అని రాసి ఉన్న సిరప్ అయితే అసలు ముట్టుకోవద్దు. అందులో జైలిటాల్ ఉంటే కుక్కకు రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. కుక్కల కోసమే తయారైన ఆకలి మందు కాప్రోమోరెలిన్‌కు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదైనా కారణం తెలిశాక పక్కన వాడేదే.

ఇంకోటి. ముసలి కుక్క కుంటుతుంటే, మూలుగుతుంటే ఇంట్లో ఉన్న నొప్పి గోలీ సగం వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. ఈ మధ్య అట్లాంటిది ఏదైనా వేసి ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. తిండి మానేయడానికి అదే మూలం కావొచ్చు. మలం తారులాగా నల్లగా ఉంటే కడుపులో రక్తం కారుతున్నట్టు, ఆ రోజే చూపించాలి.

ఇటుకగోడ

గోమార్లను ఎవరూ తలవలేదేంటి? మన దగ్గర తిండి మానేసిన కుక్కకు మొదట అనుమానించాల్సింది పిడుదు జ్వరమే. ఎర్లీకియా. గోధుమ రంగు పిడుదు కుక్క మీద ఉండేది కొన్ని రోజులే, మిగతా బతుకంతా గోడ పగుళ్లల్లో, తలుపు చట్రం సందుల్లో, బండల మధ్య. కాబట్టి "ఒంటి మీద ఒక్కటీ లేదు" అన్నది లెక్కలోకి రాదు.

థర్మామీటర్‌కు కొంచెం కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడండి. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. నీడలో అరగంట పడుకున్నాక కూడా 103 దాటితే జ్వరమే. చిగుళ్లు తెల్లబారాయా, పొట్ట కింద చర్మం మీద ఆవగింజలంత ఎర్ర చుక్కలున్నాయా, ముక్కులోంచి రక్తం వచ్చిందా చూడండి. పాతబడ్డ ఎర్లీకియాలో జ్వరం ఉండకపోవచ్చు. బరువు తగ్గడం, మందకొడితనం, ఇంతే.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు అడగండి. లక్షలోపు వస్తే అదే చివరి మాట అనుకోవద్దు. రక్తం గడ్డకట్టుకుంటే మెషిన్ తక్కువ చూపిస్తుంది, గాజు పలక మీద స్మియర్ తీసి కంటితో చూడమనండి. తేలితే డాక్సీసైక్లిన్ 28 రోజులు. రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తింటుంది, అక్కడే చాలామంది గోలీలు ఆపేస్తారు, రోగం మళ్లీ తిరగబెడుతుంది. ఖాళీ కడుపున వేస్తే కక్కుతుంది. పాలు, పెరుగుతో వేస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. నాలుగు ముద్దలు తిన్నాక వేసి, పైనుంచి కొంచెం నీళ్లు తాగించండి.

గిట్టలు_గోళ్లు

@ఇటుకగోడ మంచి మాట. మత్తు ఇచ్చి పన్ను తీయాలన్నా ప్లేట్‌లెట్ల లెక్క ముందే కావాలి, లేకపోతే రక్తం ఆగదు.

సర్వ_గరిటె

కారణం తేలేదాకా కడుపు నిండాలి కదా, దాని గురించి చెప్తా.

మొదట డ్రై ఫుడ్ సంచి వాసన చూడండి. పాత నూనె వాసన వస్తే తప్పు కుక్కది కాదు. సంచి తెరిచాక నెల, నెలన్నరలో అయిపోవాలి. మన ఎండలకు వంటింట్లో పొయ్యి పక్కన పెడితే అంతకుముందే చెడుతుంది. దుకాణంలో విడిగా తూచి ఇచ్చేది ఎప్పుడు తెరిచారో ఎవరికీ తెలియదు, ముసలి కుక్కకు అది కొనొద్దు. డబ్బాలో గుమ్మరించకుండా సంచితో సహా డబ్బాలో పెట్టి మూతి గట్టిగా మడవండి. డబ్బా గోడలకు పట్టిన పాత కొవ్వు కొత్త సరుకును కూడా చెడగొడుతుంది.

అదే డ్రై ఫుడ్‌ను సమానం గోరువెచ్చని నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి చిదిమి పెట్టండి. పంటి నొప్పి ఉన్నా మింగగలుగుతుంది. చేతికి వెచ్చగా తగలాలి, కాలొద్దు. కుక్క ఒంటి వేడికి దగ్గరగా ఉంటే వాసన లేస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి అన్నానికి వాసనే ఉండదు. ఎండాకాలంలో నానబెట్టింది అరగంటకు మించి గిన్నెలో ఉంచొద్దు. పొద్దున ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత, మధ్యలో చిన్న పూట ఒకటి. 44 డిగ్రీల మధ్యాహ్నం ఏ కుక్కైనా తినదు, దాన్ని రోగం కింద జమకట్టొద్దు.

28 కిలోల ముసలి లాబ్రడార్‌కు రోజుకు సుమారు 1,100 కేలరీలు. ఇంటి తిండిలో అయితే: బొక్కల్లేని చికెన్ పచ్చిది 300 గ్రాములు, వండిన అన్నం 400 గ్రాములు, ఉడికించిన గుడ్డు ఒకటి, గుమ్మడికాయో సొరకాయో 100 గ్రాములు, నూనె ఒక టీస్పూన్. మెత్తగా ఉడికించి, ఉడికిన నీళ్లు పారబోయకుండా కలపండి. ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అసలే వద్దు, రెండూ కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. మన కోసం వండిన కూరలోంచి ముక్కలు కడిగి పెట్టినా రసం లోపలికి పట్టి ఉంటుంది. కార్జం వాసనకు బాగా లేస్తుంది గానీ రోజుకు 30–40 గ్రాములు చాలు, అది కూడా ఆ 300లోనే కలుపుకోవాలి. ఈ తిండిలో కాల్షియం చాలదు. రెండు మూడు వారాలు దాటి కొనసాగించేట్టయితే డాక్టర్ చేత లెక్క కట్టించుకోండి.

ఒకటి తినకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే మటన్, అట్లా పూటకో రకం పెట్టొద్దు. ఒక్క రోజులో నాలుగు రకాలు మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, అసలు రోగం ఏదో, తిండి వల్ల వచ్చింది ఏదో తెలియకుండా పోతుంది. 20 నిమిషాలు ఉంచండి, తినకపోతే తీసేయండి, ఎంత మిగిలిందో గ్రాముల్లో రాయండి.

గిన్నె కూడా చూడండి. నున్నటి బండల మీద ముందు కాళ్లు జారుతుంటే, మెడో భుజమో నొప్పి ఉంటే, వంగి తినడం కష్టం. కింద గోనెపట్టా పరచండి, గిన్నెను కుక్క మోచేతి ఎత్తుకు స్టూల్ మీద పెట్టండి. నిలబడి సగం తిని, పడుకొని మిగతాది తింటుందంటే సమస్య ఆకలిది కాదు, కాళ్లది.

పోచమ్మమైదాన్_స్పిట్జ్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాకు ఉల్టా. 12 ఏళ్ల పొమేరియన్, మగది. ఎంత పెట్టినా ఇంకా కావాలంటది, చెత్తబుట్ట కూడా వదలదు. ఆరోగ్యంగా ఉన్నట్టే కదా?

గిట్టలు_గోళ్లు

ముసలితనంలో కొత్తగా పుట్టిన ఆకలి మంచి కబురు కాదు. తింటూనే చిక్కిపోతూ, నీళ్లు ఎక్కువ తాగుతుంటే షుగర్. పొట్ట కుండలాగా దిగి, రెండు పక్కలా వెంట్రుకలు పలచబడి, చల్లటి పూట కూడా రొప్పుతుంటే కుషింగ్స్. దురదకని ప్రెడ్నిసొలోన్ గోలీలు వాడుతున్నారా? అవి కూడా ఇట్లనే ఆకలి లేపుతాయి. అయితే హఠాత్తుగా ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవేవీ కాకుండా, తిన్న పది నిమిషాలకే మళ్లీ గిన్నె దగ్గర నిలబడడం, తలుపు తెరుచుకోని వైపు నిలబడి ఎదురుచూడడం, రాత్రిళ్లు తిరగడం ఉంటే మెదడు మందగిస్తున్నట్టు. అప్పుడు అదే కొలత తిండిని ఐదారు పూటలు చేయండి, మొత్తం పెంచొద్దు.

వడ్డేపల్లి_లాబ్

అందరికీ థాంక్స్. కుడి వైపు పెద్ద పన్ను పెచ్చు లేచి ఉంది, గార కూడా ఆ వైపే ఎక్కువ. ఎదకు వచ్చి ఐదు నెలలు దాటింది. నిన్నటి నీళ్ల లెక్క 2.1 లీటర్లు. ఒంటి వేడి 102.2. రేపు మామునూర్ వెటర్నరీ కాలేజీకి తీసుకుపోదామనుకుంటున్నం. పరగడుపున తీసుకుపోవాలా? ఏమేం పరీక్షలు అడగాలె?

గిట్టలు_గోళ్లు

ముందు ఫోన్ చేసి ఓపీ టైం కనుక్కోండి. రాత్రి ఎనిమిదికి తిండి పెట్టి ఆపండి, నీళ్లు మాత్రం ఆపొద్దు. ప్లేట్‌లెట్లతో సహా పూర్తి రక్తపరీక్ష, క్రియాటినిన్, యూరియా, వీలైతే ఎస్‌డీఎంఏ (ఇవి మూడూ మూత్రపిండాలకు), ఏఎల్‌టీ, ఏఎల్‌పీ (ఈ రెండూ కాలేయానికి), షుగర్, మూత్ర పరీక్ష, పొట్ట స్కానింగ్. మూత్రపిండాల పని చాలావరకు పోయాకే క్రియాటినిన్ పెరుగుతుంది, అందుకే మూత్రం చిక్కదనం చూడడం ముఖ్యం. 1.030 కంటే తక్కువ ఉంటే ఆ ఒక్కదాన్ని పట్టుకొని భయపడకుండా ఇంకోసారి చేయించండి. 2.1 లీటర్లు హద్దు దాటలేదు గానీ, నానబెట్టిన తిండి పెడుతూ కూడా అంతే తాగుతుంటే డాక్టర్‌కు చెప్పండి.

మూత్రం పొద్దున మొదటిదే పట్టాలి. పొడుగు కాడ గరిటెను వేడినీళ్లతో కడిగి ఆరబెట్టుకోండి, సబ్బు మిగలొద్దు. కుక్క కూర్చున్నాక మొదటి ధార వదిలేసి వెనకనుంచి గరిటె జరపండి, ముందే చూపిస్తే లేచిపోతుంది. మెడికల్ షాపులో దొరికే స్టెరైల్ డబ్బాలో పోసి గంటలోపు ఇవ్వండి, ఆలస్యమైతే ఐసు డబ్బాలో పెట్టుకొని పోండి. ఎనిమిదిలోపు బయలుదేరండి. పన్ను ఫోటో ఒకటి, బిస్కెట్ పడేసే వీడియో ఒకటి ఫోన్లో పెట్టుకోండి, అక్కడికి పోయాక అది నోరు తెరవనివ్వకపోవచ్చు.

సర్వ_గరిటె

రక్తం తీసిన వెంటనే పెట్టడానికి పెరుగన్నం కాకుండా చికెన్ అన్నమే చిన్న డబ్బాలో తీసుకుపోండి. స్కానింగ్ ఉందంటే అది అయ్యాకే పెట్టండి.