చర్చి వెబ్‌సైట్‌కి విక్సా, వర్డ్‌ప్రెస్సా?

దేవరకొండ బ్రదర్: అందరికీ వందనాలు. మా సంఘానికి వెబ్‌సైట్ పెట్టే పని పాస్టర్ గారు నాకు అప్పజెప్పారు. ఆరాధన టైమింగులు, ఆదివారం వాక్యం వీడియో, కానుకలకు క్యూఆర్ కోడ్, ఇంతే. కోడింగ్ రాదు, నెలనెలా డబ్బు కట్టలేం. వెబ్‌సైట్ కట్టుకునే విక్స్, వర్డ్‌ప్రెస్‌లలో ఏది తీసుకోవాలి?

మిర్యాలగూడ: బ్రదర్, ఇంత చిన్న పనికి ఆ రెండూ ఎందుకు? గూగుల్ సైట్స్ చాలు. ఉచితం, యూట్యూబ్ వీడియో పేజీలోనే ఆడుతుంది. విక్స్ ఫ్రీ ప్లాన్‌లో వాళ్ల యాడ్ కనబడుతుంది, పైగా రేపు వేరే హోస్టింగ్‌కి (సైట్‌ని నెట్‌లో ఉంచే సర్వీసుకి) మారాలంటే సైట్‌ని ఎత్తుకుపోలేం, మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సిందే.

జడ్చర్ల: అన్న చెప్పింది కరెక్టే, కానీ పాత సందేశాలు వందల్లో ఉంటే వర్డ్‌ప్రెస్ నయం, హోస్టింగ్‌కి మాత్రం ఏటా కట్టాలి. ఇంకోటి, కరపత్రాల మ్యాటర్ డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి ఉంటారు, దాన్ని అట్లనే పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలొస్తాయి, ముందు యూనికోడ్‌లోకి (ఫోన్లలో, వెబ్‌సైట్లలో సరిగ్గా కనబడే తెలుగులోకి) మార్చుకోండి. డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) సంఘం మెయిల్‌తోనే కొనండి, సైట్ చేసిపెట్టే పిల్లోడి సొంత మెయిల్‌తో వద్దు, వాడు హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతే పాస్‌వర్డ్ కోసం టెన్షనే.

దేవరకొండ బ్రదర్: థాంక్స్ అన్నా. అమెరికాలో ఉన్న మనోళ్లు కూడా కానుక పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా?

నల్గొండ సిస్టర్: ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం కిందికొస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ముట్టుకోకండి.