రోజంతా గట్ల మీద తిరిగే మనిషికి వేరే నడక అవసరమా?

విడవలూరు రైతు:

ఒళ్లు వంచి పనిచేసేవారికి మనసులోని ఒత్తిడి తగ్గడానికి నడక, ప్రాణాయామం వంటివి విడిగా కావాలా, లేక చేసే పనే చాలునా అన్న ప్రశ్నను చర్చకు పెడుతున్నాను.

నేను ఏడు ఎకరాల్లో వనామీ రొయ్యలు సాగు చేస్తున్నాను. తలనొప్పి ఎంతకీ తగ్గకపోవడంతో గత నెల నెల్లూరు వెళ్లి చూపించుకుంటే, డాక్టరుగారు రక్తపోటు ఎక్కువగా ఉందని మాత్ర రాసి, రోజూ అరగంట నడవమని, మనసును ప్రశాంతంగా ఉంచుకోమని చెప్పి పంపించారు. ఆ మాట నాకు కష్టంగా తోచింది. మేత చల్లించడం, చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూసుకోవడం, గండి పడిందేమోనని రొయ్యల గుంట గట్టు చుట్టి రావడం, ఇదంతా నడకే కదా. ఇక రాత్రి సంగతి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వెంటనే అందుకోకపోతే, నెలల తరబడి పోసిన పెట్టుబడి గంటల్లో చచ్చి తేలుతుంది. అందుకే రాత్రి రెండింటికి, మూడింటికి ఎవరూ లేపకుండానే మెలకువ వస్తుంది. ఇంత తిరిగే మనిషిని ఇంకా నడవమంటే ఆ నడకలో కొత్తగా ఏముంటుందో తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు మాస్టారు:

అన్నగారూ, మీ ప్రశ్నలోనే సమాధానం ఉన్నదని నా అభిప్రాయం. మా నాన్నగారు పొగాకు రైతు. బ్యారన్‌లో (పచ్చాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) ఆకు ఉన్నన్ని రోజులూ వేడి తప్పకుండా రాత్రింబవళ్లు కాపలా కాసేవారు. ఆయన ఏనాడూ ఆసనం వేయలేదు, విడిగా నడకకు వెళ్లలేదు, అయినా పడుకోగానే నిద్రపోయేవారు. కుర్చీలో కూర్చుని పనిచేసే నా వంటివారికి చెప్పే సలహాను శ్రమజీవులకు యథాతథంగా అప్పగించడం న్యాయం కాదు.

దీనికి ఒక ఆధారం కూడా ఉంది. అలియా క్రమ్, ఎలెన్ లాంగర్ అనే పరిశోధకులు అమెరికాలో ఏడు హోటళ్లలో గదులు శుభ్రం చేసే 84 మంది మహిళలను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. మీరు చేస్తున్న పనే మంచి వ్యాయామం అని కొందరికి వివరించి చెప్పారు, మిగిలినవారికి చెప్పలేదు. నాలుగు వారాల తరువాత, తమ పనిలో మార్పేమీ లేదని వారే చెప్పినా, ఆ మాట విన్నవారి బరువు, రక్తపోటు కొంత తగ్గాయి. అంటే లోపం శ్రమలో లేదు, ఆ శ్రమకు మనం విలువ ఇవ్వకపోవడంలో ఉంది. ఇంటిపని, తోటపని, పశువుల పని చేసేవారిని అదనంగా మరో గంట కేటాయించమంటే అది ఒత్తిడిని తగ్గించదు సరికదా, చేయలేకపోయామన్న బాధను కూడా తెచ్చిపెడుతుంది.

నెల్లూరు నర్సు:

మాస్టారూ, మీరు చెప్పిన అధ్యయనం నిజమే కానీ, అది చిన్నది. నాలుగు వారాల ఫలితం మీద ఇంత భారం మోపకూడదు. ఇక డెన్మార్క్‌లో లక్షకు పైగా మందిని సుమారు పదేళ్లు గమనించి 2021లో ప్రచురించిన మరో అధ్యయనం ఉంది. తీరిక వేళల్లో శారీరకంగా చురుకుగా ఉన్నవారికి గుండె జబ్బుల ముప్పు తక్కువగానూ, ఉద్యోగంలో బరువైన శ్రమ చేసేవారికి ఎక్కువగానూ ఉన్నట్టు అందులో తేలింది. అది గుండె గురించిన పరిశోధనే తప్ప ఒత్తిడి గురించినది కాదు. అయినా అన్ని శ్రమలూ ఒళ్లు ఒకేలా తీసుకోదని దాని వల్ల తెలుస్తుంది.

రైతు అన్నగారి మాటలో ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి. వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినప్పుడు, పనిలో భాగంగా నడిచే నడకను కూడా అందులో కలిపింది. కాబట్టి కాళ్ల లెక్క ప్రకారం ఆయన ఎవరికీ బాకీ లేరు. నేను చూస్తున్న చిక్కు వేరే చోట ఉంది. ప్రమాదం అనిపించగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పైకి పోతుంది. ఆ ప్రమాదం గడిచాక అవి దిగిపోవాలి. గట్టు మీద నడిచేటప్పుడు ఆయన చెవి మోటారు చప్పుడు మీదే ఉంటుంది, కన్ను నీటి రంగు మీద ఉంటుంది, నిద్రలో కూడా ఆ చెవి మూతపడదు. దిగవలసినవి దిగడానికి వ్యవధే దొరకడం లేదు. డాక్టరుగారు అడిగిన అరగంట ఆ వ్యవధి కోసమే అయి ఉంటుంది, అయితే ఆ సంగతి విడమరచి చెప్పి ఉండవలసింది.

నేను మా వార్డుకు వచ్చేవారికి ముందు శ్వాస నేర్పిస్తాను. పొట్ట మీద చేయి పెట్టుకుని, గాలి లోపలికి తీసుకున్నదాని కంటే వదలడం కాస్త ఎక్కువసేపు ఉండేలా, నిమిషానికి ఆరు శ్వాసల దాకా నెమ్మదించి, ఐదు నిమిషాలు చేయాలి. శ్వాస నెమ్మదిస్తే, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె వేగం కూడా తగ్గుతుంది. గట్టు మీది గుడిసెలో మంచం మీద కూర్చుని కూడా చేయవచ్చు. సాయంత్రం నాలుగు దాటాక టీ మానేయడం మరో మేలు, ఎందుకంటే అందులోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఛాతీలో నొప్పి, ఎడమ చేతిలో లాగుడు వస్తే మాత్రం ఒత్తిడి అనుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి. దిగులుతో రోజుల తరబడి నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, అది ఉచితం.

టంగుటూరు అమ్మాయి:

మాస్టారుగారు శ్రమను గౌరవించి రాశారు, అందుకు సంతోషమే కానీ, మా అమ్మ తరఫున ఒక మాట చెప్పాలి. ఆమె పదిహేనేళ్లుగా సీజన్‌లో పొగాకు గ్రేడింగ్‌కు కూలికి వెళుతోంది. కింద కూర్చుని ఒక్కో ఆకూ రంగు చూసి వేరు చేస్తూ, పైన నిలబడినవారి కన్ను తన మీద ఉందన్న భయంతో రోజంతా గడుపుతుంది. ఇంటికి వచ్చాక ఎంత కడుక్కున్నా చేతుల ఘాటు పోదు. ఆ పని ఒంటిని అలసిపోయేలా చేస్తుంది తప్ప మనసును తేలిక చేయదు, ఆ రాత్రుళ్లు ఆమె అటూ ఇటూ దొర్లుతూనే ఉంటుంది.

మరి అదే అమ్మ తెల్లవారకముందే లేచి, కళ్లాపి చల్లి, ముగ్గు వేస్తుంది. నాలుగు గీతలు గీసి లోపలికి వచ్చినా అడిగేవారు లేరు. అయినా పదిహేను చుక్కలు పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారవిడుస్తూ, ప్రతి చుక్క చుట్టూ మెలిక తిప్పుతుంది. ఎక్కడైనా గీత తప్పితే అరచేతితో చెరిపి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ పిలిచినా పలకదు. అదీ వంగి చేసే పనే, కానీ అక్కడ కొలిచేవారు, కేకలేసేవారు ఉండరు, ఎప్పుడు ఆపాలో ఆమే నిర్ణయించుకుంటుంది. పనా, వ్యాయామమా అన్న వాదన కంటే, ఆ సమయం ఎవరి చేతిలో ఉందన్నది ముందు అడగాలని నాకనిపిస్తుంది.

ఒంగోలు మాస్టారు:

అమ్మా, నీ మాట నన్ను ఆలోచింపజేసింది. మా నాన్నగారి నిద్ర గురించి నేను రాసినది చిన్నప్పుడు చూసినది. ఆయన మనసులో ఏముండేదో నేనెన్నడూ అడగలేదు. అయితే ఒక పట్టు మాత్రం విడవను. ఆ ఇరవై నిమిషాలు అమ్మ చేతికి రావాలంటే, ఆ వేళ పొయ్యి దగ్గర మరొకరు నిలబడాలి. మగవాడిని నడవమంటే సరిపోతుందేమో, ఆడవారికి మాత్రం సలహాతో పాటు ఇంట్లోవారికీ ఒక మాట చెప్పి పంపాలి. నర్సమ్మగారు తమ వార్డులో ఆ పని కూడా చేస్తే బాగుంటుంది.

విడవలూరు రైతు:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. పక్క గుంటల రైతూ నేనూ మాట్లాడుకుని, ఒక రాత్రి ఆయన, ఒక రాత్రి నేను రెండు వైపులా చూసుకునేలా ఒప్పందం చేసుకున్నాము. సాయంత్రం మేత పని అయ్యాక ఫోను కాపలా మనిషి చేతికి ఇచ్చి, రామతీర్థం వెళ్లి గుడి దగ్గర నుంచి సముద్రం ఒడ్డున అరగంట నడుస్తున్నాను. మొదటి నాలుగు రోజులూ అలల హోరులో నాకు ఏరియేటర్ చప్పుడే వినిపించింది. హోరు ఒక్క క్షణం తగ్గితే, మోటారు ఆగిందేమోనని గుండె గుభేలుమనేది. ఇప్పుడది అప్పుడప్పుడూ మాత్రమే జరుగుతోంది.

రక్తపోటు మాత్ర మానలేదు, కొలత కూడా పెద్దగా మారలేదు. నాది కాని రాత్రి మాత్రం ఐదు గంటలు ఏకధాటిగా నిద్ర పడుతోంది. అది నడక వల్లనో, పక్క రైతు మీద నమ్మకం వల్లనో తేల్చి చెప్పలేను. ఈ పంట పట్టుబడి అయ్యేదాకా ఇలాగే సాగించి, అప్పుడు మళ్లీ రాస్తాను.