వెనక యార్డ్‌లో నీళ్ళు నిలుస్తున్నాయి, వాలు ఇంటివైపే ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్తే అండి. మేం ఈ దేశానికి కొత్త, ఈమధ్యే ఇల్లు కొన్నాం. చూసినప్పుడు ఎండలు, వెనక అంతా పచ్చగా బానే ఉంది. వానలు మొదలయ్యాక తెలిసింది, నేల ఫెన్స్ దగ్గర్నుంచి ఇంటివైపే వాలి ఉంది, ఒక మూల నీళ్ళు రెండు మూడు రోజులు కదలవు, పెద్ద చెట్టు కింద గడ్డి మొలవదు, ఉత్త బురద. ఒక కాంట్రాక్టర్ ఫ్రెంచ్ డ్రెయిన్ (కంకర నింపిన కందకంలో కన్నాల పైపు) వేసి, పేవర్స్‌తో, అంటే పరిచే బిళ్ళలతో, పాటియో (కూర్చునే అరుగు) కట్టేద్దాం అంటాడు, ఇంకొకాయన మట్టి తోలి లెవెల్ చేస్తే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

---

ఇద్దరికీ అప్పుడే అడ్వాన్స్ ఇవ్వకు తమ్ముడూ. ముందు గట్టి వాన పడేటప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరుగు, ఫోన్‌లో వీడియో తియ్యి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎటు పోవాలనుకుంటున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి, ఈ మూడూ తెలియకుండా ఏం కట్టినా మళ్ళీ తవ్వుకోవాల్సిందే.

చాలా ఇళ్ళల్లో అసలు దొంగ కప్పు నుంచి దిగే గొట్టమే. లెక్క చూడు, 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడిందంటే 2,500 లీటర్లు, అదంతా రెండు మూడు డౌన్‌స్పౌట్లలోంచి గోడ పక్కనే దిగుతుంటే మూల మడుగు కాక ఏమవుతుంది. వాటికి గొట్టం తగిలించి కనీసం పది అడుగుల దూరం, పల్లం వైపు వదిలి చూడు. సగం గొడవ అక్కడే తీరిపోవచ్చు, తీరకపోయినా ఆ పని వృథా పోదు.

> మట్టి తోలి లెవెల్ చేస్తే చాలంటాడు

లెవెల్ కాదు కావాల్సింది, వాలు. గోడ నుంచి మొదటి పది అడుగుల్లో నేల ఆరు ఇంచులు దిగాలి. కానీ మట్టి పోస్తూ పోస్తూ గోడకి ఆనించి సైడింగ్ (గోడ బయట బిగించే పలకలు) దాకా, ఇటుకల్లో గాలి కోసం వదిలిన కన్నాల దాకా లేపేస్తే చెమ్మా చెదలూ లోపలికి వస్తాయి, వాటికి కనీసం నాలుగైదు ఇంచుల కిందే మట్టి ఆగాలి. నీ యార్డ్ మొత్తం ఇంటివైపే వాలింది కాబట్టి మట్టి ఒక్కటే చాలదు, ఇంటికీ ఆ వాలుకీ మధ్యలో స్వేల్ కావాలి. అంటే వెడల్పుగా లోతు లేకుండా తీసిన కాలవ, పైన గడ్డే ఉంటుంది, చూసేవాళ్ళకి కాలవ అని కూడా తెలీదు, పైనుంచి వచ్చే నీళ్ళని పట్టుకుని ఇంటి పక్కల నుంచి ముందుకి దాటించేస్తుంది. నా దృష్టిలో మీకు ఇదే మెయిన్ పని.

ఫ్రెంచ్ డ్రెయిన్ మీద మనవాళ్ళకి ఎందుకో అంత మోజు! దానికి నీళ్ళు వదలడానికి ఇంకా పల్లంగా ఒక చోటు ఉండాలి, లేకపోతే అది అడుగున కన్నం లేని కుండీ, అంతే. వేయిస్తే మాత్రం వంద అడుగులకి కనీసం ఒక అడుగు వాలు, కన్నాలు కిందికి పెట్టిన పైపు, దుమ్ము లేని కడిగిన కంకర, చుట్టూ జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళని వదిలి మట్టిని ఆపేది). ఇంకోటి, పైన మట్టి కప్పేసిన ఫ్రెంచ్ డ్రెయిన్ నేల లోపలి నీళ్ళకి పనికొస్తుంది గానీ పైన నిలిచిన మడుగుని తొందరగా లాగలేదు. మడుగుకైతే జాలీ మూత ఉన్న క్యాచ్ బేసిన్, అంటే నేలలో పాతే తొట్టి, దానికి కన్నాల్లేని పైపు.

నీళ్ళు పక్కింటోళ్ళ యార్డ్‌లోకి మాత్రం తిప్పకు, చాలా చోట్ల అది చట్టం దాకా వెళ్తుంది. తవ్వే ముందు గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో మార్క్ చేయించుకో, మీ ఊళ్ళో దానికి ఏ నంబరో కనుక్కో. పార పెట్టేది ఆ తర్వాతే.

---

చెట్టు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా తమ్ముడూ. అక్కడ గడ్డి మొలవట్లేదంటే తప్పు గడ్డిది కాదు, మామూలు లాన్ గడ్డికి రోజుకి కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎండ కావాలి, మళ్ళీ మళ్ళీ విత్తనాలు చల్లడం డబ్బు దండగ. కొత్త మట్టి పోసి ఎత్తు చేద్దామని కూడా చూడకు, నీళ్ళు పీల్చే వేర్లు ఎక్కువగా పైపొరలోనే ఉంటాయి, వాటికి గాలి ఆడకపోతే చెట్టు నాలుగైదేళ్ళకి మెల్లగా ఎండిపోతుంది, అప్పుడు కొట్టించడానికి అయ్యే ఖర్చు ముందు ఈ డ్రెయిన్ లెక్కలోకే రాదు. రెండు మూడు ఇంచుల మందాన చెక్కపేళ్ళ మల్చ్ వెయ్యి, కాండానికి తగలకుండా, నడవడానికి నాలుగు బండలు పరుచు, మధ్యలో నీడలో పెరిగే గ్రౌండ్ కవర్ (నేల మీద పాకే మొక్కలు). ఐవీ లాంటివి తేరగా దొరుకుతాయి గానీ అవి చాలా చోట్ల నిషేధించిన జాబితాలో ఉంటాయి, చూసుకో. పైన అన్నయ్య చెప్పిన కాలవ కూడా చెట్టు కొమ్మల పరిధి దాటించి తీయించు, లావు వేర్లు నరికితే గాలివానకి చెట్టు నిలబడదు.

---

ఇంత గొడవెందుకు, మొత్తం కాంక్రీట్ పోసేస్తే సరి 😀

---

పోస్తే నీళ్ళు మాయమైపోవు బ్రో, ఇంకా స్పీడ్‌గా ఇంటి మీదికే వస్తాయి. పైగా చాలా ఊళ్ళల్లో నీళ్ళు ఇంకని భాగం ఇంత శాతం మించకూడదని రూల్ ఉంటుంది.

---

అందరికీ థాంక్సండి. ఒక మూల అడుగు లోతు గొయ్యి తవ్వి నీళ్ళు నింపి, అది ఇంకాక మళ్ళీ నింపి చూశా, గంటకి అర ఇంచి కూడా దిగట్లేదు. పక్కా బంకమట్టి. ఇసుక కలిపితే వదులవుతుందా? పాటియో ఆశ వదులుకోవాలా?

---

ఇసుక వద్దు తమ్ముడూ, బంకమట్టిలో కాస్త ఇసుక కలిస్తే ఇటుకలాగా గట్టిపడుతుంది. మొక్కలు పెట్టే చోట కంపోస్ట్ కలుపు, ఏటా పైన మల్చ్ వేస్తూ ఉండు, నెమ్మదిగా వదులవుతుంది. ఈ స్పీడ్ చూస్తే అక్కడ రెయిన్ గార్డెన్ (వాననీళ్ళు ఇంకేలా మొక్కలు పెట్టిన పల్లం) కూడా కష్టమే, అది ఒకటి రెండు రోజుల్లో ఖాళీ అవ్వాలి, కాబట్టి నీళ్ళని బయటికి పంపడమే దారి.

పాటియో హాయిగా వేసుకో, కాకపోతే కాలవ పని అయ్యాక. పేవర్స్ ఏ రంగు, ఏ మోడల్ అని నెల రోజులు ఆలోచిస్తారు, కుంగిపోయేది మాత్రం కింద బేస్ వల్ల. బంకమట్టి మీద ముందు జియోటెక్స్‌టైల్ పరిచి, దాని మీద కనీసం ఆరు ఇంచుల క్రష్డ్ స్టోన్, చలికి నేల గడ్డకట్టే ఊరైతే ఇంకా ఎక్కువ, ఒకేసారి గుమ్మరించి కాదు, మూడు నాలుగు ఇంచులకోసారి మెషీన్‌తో దిమ్మిస కొట్టాలి. ఆ పైన ఇసుక ఒక్క ఇంచే, ఎత్తుపల్లాలు ఇసుకతో సర్దే మేస్త్రీని అక్కడే ఆపు. చుట్టూ అంచు బిగించాలి, వాలు అడుక్కి పావు ఇంచి చొప్పున ఇంటికి అవతలి వైపు.

ఫెన్స్ వైపు వాలుకి గోడ కడదామంటారేమో కూడా. మూడు నాలుగు అడుగులు దాటితే చాలా చోట్ల పర్మిట్, ఇంజనీర్ సంతకం కావాలి. గోడని పడగొట్టేది ఎక్కువసార్లు వెనక చేరిన నీళ్ళ బరువే, అందుకే గోడ వెనక అడుగు మందాన కంకర, అడుగున డ్రెయిన్ పైపు ఉండాల్సిందే. ఎత్తు గోడకి బదులు రెండు పొట్టి గోడలు మెట్లలాగా కట్టుకోవచ్చు, కానీ మధ్య దూరం కింది గోడ ఎత్తుకి కనీసం రెండింతలు ఉంచకపోతే పై గోడ బరువంతా కింది దాని మీదే.

కొటేషన్‌లో "పాటియో వర్క్" అని ఒక్క లైన్ రాసిస్తే తీసుకోకు. బేస్ మందం ఎంత, ఎన్ని పొరల్లో కొడతారు, పైపు ఎక్కడికి వెళ్ళి తేలుతుంది, తవ్విన మట్టి ఎవరు తీసుకెళ్తారు, అన్నీ రాయించు. చివరిది చాలామంది మర్చిపోతారు, తర్వాత ఆ గుట్ట యార్డ్‌లోనే ఉండిపోతుంది.