కాలనీలో వంశవృక్షం క్లబ్బు పెట్టుకున్నాం: ఉర్దూ కాగితాలు, మేనరికాలు, అలిగిన పెద్దబాపు గురించి సలహా కావాలి

అడిగినవారు, హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి:

అందరికీ నమస్కారం. మా కాలనీలో ఏడు కుటుంబాలవాళ్లం కలిసి ఒక వంశవృక్షం క్లబ్బు మొదలుపెట్టాం. పేరు ఇంకా పెట్టలేదు. నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, ఒక్కో నెల ఒక్కొక్కరి ఇంట్లో కూర్చుంటున్నాం. ఇప్పటికి రెండుసార్లు కలిశాం. మొదటిసారి రాత్రి తొమ్మిదైనా ఎవరికీ లేవబుద్ధి కాలేదు. రెండోసారి మధ్యలోనే ఆగిపోయింది.

మాది జనగామ వైపు పల్లె. మా తాత రేకు పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అందులో ఇరవై దాకా కాగితాలున్నాయి, అన్నీ ఉర్దూవే. ఒకదాని మీద మాత్రం ఎవరో తెలుగులో పెన్సిలుతో "1341 ఫస్లీ, బహ్మన్" అని రాశారు. అది ఏ సంవత్సరమో మాకెవరికీ తెలియలేదు. మడతల దగ్గర చిరిగిపోతున్నాయి, లామినేషన్ చేయిద్దామని మా ఆయన అంటున్నారు. చేయించవచ్చా?

ఇంకొకటి. మా బాపమ్మను ఆమె సొంత మేనమామకే ఇచ్చారు. మా మేనత్త కూతురిని మా అన్న చేసుకున్నాడు. చార్టు మీద గీయబోతే గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండా పోతోంది. మిగతా కుటుంబాలదీ ఇదే పరిస్థితి.

ఎక్కువ బాధ పెడుతున్నది మాత్రం మా పెద్దబాపు సంగతి. ఆయనకు ఎనభై రెండేళ్లు. మా వైపు పాత విషయాలు తెలిసినవాళ్లలో ఆయనొక్కరే మిగిలారు. రెండో సమావేశానికి ఎంతో బతిమాలి తీసుకెళ్లాను. మంచిగా చెబుతుంటే ఒకరు అందరి ముందు "మీ బాపుకు అంతకుముందు ఇంకో పెళ్లి అయిందట కదా?" అని అడిగారు. ఆయన మారుమాట లేకుండా లేచి వచ్చేశారు. అడిగినవారు చెడు ఉద్దేశంతో అడగలేదు. కానీ అప్పటి నుంచి ఆ ముచ్చట తీస్తే పెద్దబాపు మొహం తిప్పుకుంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు, వనస్థలిపురం నుంచి:

అమ్మా, ముందుగా లామినేషన్ ఆపించండి. ఒకసారి వేడి ప్లాస్టిక్ అతుక్కుంటే మళ్లీ ఊడదు, సిరా కూడా దెబ్బతింటుంది. సెల్లో టేపు కూడా వద్దు. కొన్నేళ్లకు టేపు పసుపు మరకగా మిగులుతుంది, దాని కింద అక్షరాలు పోతాయి. మడతలు నెమ్మదిగా విప్పి, వెలుతురున్న కిటికీ పక్కన ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయండి. వెనక వైపు కూడా తీయండి. ముద్రలు, చేతిరాతలు తరచుగా వెనకే ఉంటాయి. తర్వాత ఒక్కో కాగితాన్ని తెల్లటి కాగితాల మధ్య పరిచి, అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి.

ఫస్లీ అంటే భూమి శిస్తు వసూలుకు వాడిన సంవత్సరం, దాని లెక్క తేలికే. నిజాం రాజ్యపు ఫస్లీకి 590 కలిపితే ఆ సంవత్సరం ఏ అక్టోబరులో మొదలైందో తెలుస్తుంది. 1341కి 590 కలిపితే 1931. నెలల వరుస ఆజుర్, దై, బహ్మన్. ఆజుర్ అక్టోబరులో మొదలవుతుంది, బహ్మన్ మూడో నెల. అంటే మీ కాగితం 1931 డిసెంబరు నాటిది, మహా అయితే 1932 జనవరి మొదటి రోజుల్లోది. ఒక్క జాగ్రత్త: పాత కాగితాల మీద హిజ్రీ తేదీ కూడా ఉంటుంది. అది చాంద్రమానం, దానికి ఈ లెక్క పనికిరాదు. ఏది ఫస్లీయో ఏది హిజ్రీయో చదివేవారితో తేల్చుకున్నాకే సంవత్సరం రాసుకోండి. మా గుంపులో ఒకరు ఇది చూసుకోక ముత్తాత పుట్టుకను తప్పుగా వేసి, ఆరు నెలలు తప్పు దారిలో వెతికారు.

జవాబు, టోలీచౌకి నుంచి:

అస్సలాము అలైకుమ్, నమస్తే. ఉర్దూ చదవడం వచ్చినా పాత కచేరీ (సర్కారు ఆఫీసు) కాగితాలు చదవడం వేరు అక్కా. చాలా వాటిలో షికస్తా రాత ఉంటుంది. అక్షరాలు విరిచి, చుక్కలు వదిలేసి, గబగబా రాసే పద్ధతి అది. నేను ఉర్దూ మీడియంలో చదివినా మొదట్లో ఒక్క లైను రావడానికి గంట పట్టేది. మా అబ్బా దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. మా ఇళ్లలో షజరా అని తరాల పేర్లు రాసి పెట్టుకునే అలవాటు ఉంది. దాని వల్లే నాకు ఈ ఆసక్తి వచ్చింది. పెళ్లి వివరాలు కావాలంటే మాకు ఖాజీ రిజిస్టర్లు దిక్కు. ఆ నికానామాల్లో అమ్మాయి పేరు, ఆమె తండ్రి పేరు దొరుకుతాయి. పట్టా కాగితాల్లో ఆడవాళ్ల పేర్లు అంతగా కనిపించవు.

మీ తర్వాతి ఆదివారానికి నేను వస్తాను. నాలుగైదు కాగితాలకు మించి పెట్టకండి, ఒక పూటకు అంతకన్నా కావు. తప్పుగా చదవడం కన్నా నిదానంగా చదవడం మంచిది.

జవాబు, బోయిన్‌పల్లి నుంచి (రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను):

వంశం వెతకాలంటే చాలామంది నేరుగా తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లిపోతారు. అక్కడ దఫ్తర్-ఎ-దివానీ (నిజాం కాలపు రెవెన్యూ కచేరీ రికార్డులు) ఉంది, మొఘలుల దక్కను కాలం నాటి ఫార్సీ కాగితాలు కూడా ఉన్నాయి. కానీ అవి అప్పటి శాఖల ప్రకారం ఉంటాయి, మీ తాత పేరు చెబితే తీసి ఇచ్చేవి కావు. ఊరు, తాలూకా, సర్వే నంబరు చేతిలో పట్టుకుని వెళ్తేనే ప్రయోజనం.

మొదట మీ ఊరి మండలం తహసీల్దారు ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల రికార్డు) నకలుకు దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు, తండ్రి పేరు, సాగు చేస్తున్నవారి పేరు అందులో కనిపిస్తాయి. అక్కడి నుంచి విరాసత్‌లు చూడండి. పట్టాదారు పోయాక వారసుల పేరు ఎక్కించినప్పుడు తండ్రి నుంచి కొడుకుకు గొలుసులా వస్తుంది. దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి. మీ ఊరు జాగీరు కిందిదా (శిస్తు జాగీర్దారుకు పోయేదా), దివానీ కిందిదా (నేరుగా నిజాం ప్రభుత్వానిదా) అన్నది పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. అంతకుముందు జాగీరు ఊళ్ల లెక్కలు జాగీర్దారు కచేరీలో ఉండేవి కాబట్టి వెతికే చోటు మారుతుంది.

జనాభా లెక్కల్లో పేర్లు చూడొచ్చా అని అందరూ అడుగుతారు. కుదరదు. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు ఎవరికీ చూపించరు.

మధ్యలో ఒక ప్రశ్న, ఉప్పల్ నుంచి:

అన్నా, మా తాతలకు గుంట భూమి కూడా లేదు. వెట్టి చేసి బతికారు. పహాణీలో మా పేరెందుకు ఉంటుంది? మాలాంటివాళ్లకు ఈ క్లబ్బుల్లో చోటుందా?

జవాబు, మలక్‌పేట నుంచి:

తమ్ముడూ, చోటు ఉంది. నీ ప్రశ్న మా క్లబ్బులో కూడా వచ్చింది, దానివల్ల మేం వెతికే పద్ధతే మారింది. మాది పదకొండేళ్లుగా నడుస్తున్న చిన్న గుంపు, అన్ని కులాలవాళ్లం ఉన్నాం. కాగితం లేని కుటుంబాల చరిత్రను నోటితో మోసుకొచ్చినవాళ్లు మన దగ్గర ఉన్నారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పటం విప్పి కథ చెబుతారు. విశ్వకర్మలకు రుంజవాళ్లు. రెడ్లకు, కాపులకు గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవాళ్లను ఇప్పుడు వంశరాజులంటున్నారు. మీ ఊరికి ఏ కుటుంబం అడుక్కోవడానికి వచ్చేదో, చివరగా ఎప్పుడు వచ్చిందో మీ పెద్దలను అడుగు. ఆ కుటుంబం ఇప్పుడు ఎక్కడుందో కనుక్కుని వెళ్లు. వెళ్లేటప్పుడు వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చి, గౌరవంగా అడుగు. వాళ్ల పిల్లలు ఆ విద్య వదిలేస్తున్నారు. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకు.

ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు ఉంటుంది, అదొకటి చూడు. మీ ఇంట్లో పేర్లు కూడా గమనించు. రాజయ్య, రాజవ్వ అని తిరిగి తిరిగి వస్తుంటే వేములవాడ మొక్కు ఉందేమో, మల్లయ్యలుంటే కొమురవెల్లో ఐలోనో. కొత్త ఊరికి వలసపోయినా మొక్కు పాత గుడికే ఉంటుంది. మా క్లబ్బులో ఒక కుటుంబం తమ పాత ఊరిని అలాగే పట్టుకుంది.

ఇక అడిగిన అమ్మకు. మీ పెద్దబాపును ఇప్పుడు ఏమీ అడగకండి. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కరే వెళ్లండి. ఫోను రికార్డింగు పెట్టకండి. తెల్ల కాగితం తీసుకుని, "పెద్దబాపూ, మన పాత ఇల్లు నాకు గుర్తులేదు, గీసి చూపించు" అనండి. బావి ఎటువైపు ఉండేది, దూడలను ఎక్కడ కట్టేసేవారు, బాపమ్మ ఎక్కడ పడుకునేది, ఏ గదిలో ఎవరు పుట్టారు. ఇల్లు గీస్తుంటే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. సంవత్సరాలు కూడా అడగకండి. రజాకార్లప్పుడు మీరు ఎక్కడ దాక్కున్నారు, పోలీసు యాక్షన్ నాటికి నడక వచ్చిందా, ఇలా అడిగితే లెక్క దొరుకుతుంది. మా అమ్మమ్మ తన తల్లి వయసు చెప్పాలంటే 1908 మూసీ వరదతో కొలిచేది. ఆ వరదను పాతబస్తీలో తుగ్యానీ సితంబర్ అనేవారు.

ఆ మొదటి పెళ్లి గురించి నా మనసులో మాట చెబుతాను. మా అమ్మమ్మ మెడలో పుస్తెల పక్కన ఒక చిన్న బిళ్ల ఉండేది. పోయిన సవతి పేరున వేసుకున్నది. పండగలకు దానికి పసుపు కుంకుమ పెట్టేది. మేమంతా దాన్ని చూస్తూనే పెరిగాం, ఎవరిదని ఒక్కరం అడగలేదు. అడిగేసరికి అమ్మమ్మ లేదు. ఆ మొదటి ఆమె పేరు ఇవాళ్టికీ మాకు తెలియదు. మీ బాపమ్మ మెడలో అలాంటిది ఉండేదేమో, సమయం వస్తే అది మాత్రం అడగండి. ఆయన చెప్పినా, రాయవచ్చా లేదా అన్నది ఆయనే నిర్ణయించాలి. వద్దంటే రాయకండి.

మీ క్లబ్బుకు మా దగ్గర పనిచేసిన పద్ధతులు. ఎవరి ఇంటి సంగతి వాళ్లే ఎత్తాలి, ఇంకొకరు అడగకూడదు. దత్తతలు, రెండో పెళ్లిళ్లు, అప్పులు, కేసులు ఇంటివాళ్లు చెబితేనే. బతికున్నవాళ్ల పుట్టినతేదీలు, ఫోన్ నంబర్లు గ్రూపులో పెట్టకూడదు. ప్రతి నెలా ఒకరు ఒకే వస్తువు తెస్తారు, ఫొటో కావచ్చు, కాగితం కావచ్చు, సోలెడు తవ్వెడు కొలిచే పాత్ర కావచ్చు. దాని మీద పావుగంట. మిగతాదంతా చాయ్, మాటలు. ఏడాదికోసారి అందరం ఒక సభ్యుడి పల్లెకు బస్సులో వెళ్తాం. ఆ ఒక్క రోజు తెలిసేది పన్నెండు సమావేశాల్లో తెలియదు. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. పెద్దవాళ్లు మనకు చెప్పనివి మనవలకు చెబుతారు. ఇళ్లలో చోటు చాలకపోతే దగ్గరి గ్రంథాలయంలో అడగండి, మేం అలాగే మొదలుపెట్టాం.

జవాబు, కొండాపూర్ నుంచి:

మేనరికాల చిక్కు గురించి నేను చెప్తాను. చెట్టు ఆకారం పట్టుకుంటే మన కుటుంబాలు పట్టవు. ప్రతి మనిషికి ఒక నంబరు ఇవ్వండి, ఒక్కటే నంబరు. మీ బాపమ్మను ఆమె పుట్టింటి వరుసలో, ఆమె తరంలో మాత్రమే రాయండి. తాత పక్కన మళ్లీ పేరు రాయకుండా ఆమె నంబరు వేసి, పెళ్లికి ఎర్ర గీత, పుట్టుకకు నల్ల గీత పెట్టండి. మేనమామ పెళ్లి కాబట్టి ఎర్ర గీత ఒక తరం కిందికి ఏటవాలుగా వస్తుంది. రానివ్వండి, అదే నిజం.

కంప్యూటరులో అయితే గ్రాంప్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగు పేర్లు తీసుకుంటుంది, డేటా మన మెషీన్‌లోనే ఉంటుంది. అచ్చు తీసినప్పుడు ఒక మనిషి రెండు చోట్ల కనిపిస్తే కంగారుపడకండి, లోపల ఒక్కరే. జెడ్‌కామ్ (వంశవృక్షం సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఫైలు రకం) ఫైలుగా ఒక కాపీ దాచుకుంటే రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారినా ఇబ్బంది ఉండదు. తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లలో నంబర్లు లేకుండా అస్సలు మొదలుపెట్టకండి. మా ఇంట్లో ముగ్గురు నరసయ్యలు ఒక్కరైపోయి, ఒకాయనకు నూట ముప్పై ఏళ్ల ఆయుష్షు వచ్చింది.

అడిగినవారు, మూడు వారాల తర్వాత:

అందరికీ దండాలు. టోలీచౌకి తమ్ముడు వచ్చి నాలుగు కాగితాలు చదివారు. 1341 కాగితం భూమి శిస్తు కట్టిన రసీదు. అందులో మా ముత్తాత పేరుతో పాటు ఆయన తండ్రి పేరు కూడా ఉంది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. ఉప్పల్ తమ్ముడు కూడా ఆ రోజు వాళ్లమ్మను తీసుకుని వచ్చారు. ఆమె పాడిన కలుపు పాటలో రెండు ఊళ్ల పేర్లు వచ్చాయి, అవి రాసుకున్నాం.

పెద్దబాపు దగ్గరికి మొన్న గురువారం వెళ్లాను. ఇల్లు గీయమంటే మొదట "నాకు చేతులు వణుకుతయి" అన్నారు. తర్వాత నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. బావి, కొట్టం, వడ్ల గుమ్మి, తులసి కోట అన్నీ గీశారు. వంటింటి పక్క చిన్న గది గీసి చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. తర్వాత ఆయనే "మీ బాపమ్మ మెడల బిళ్ల చూసినవా?" అని అడిగారు. నేను అడగాల్సిన అవసరమే రాలేదు. తాత మొదటి భార్య ఆ గదిలోనే మొదటి కాన్పులో పోయిందట. ఆమె పుట్టిన ఊరు చెప్పారు, పేరు చెప్పారు. రాయమంటారా అని అడిగితే తల ఊపి, "మా అమ్మ కన్నా ముందు రాయి" అన్నారు.

ఆమెకు పదిహేడో నంబరు వేశాను. వచ్చే సమావేశం మా ఇంట్లోనే, పెద్దబాపు వస్తానన్నారు. మలక్‌పేట అమ్మా, మీరు కూడా రావాలి. నాలుగింటికల్లా చాయ్ పెడతాను.